సాలుకు ఆ చివర అమ్మ

మా అమ్మ పోయింది. రెండు వారాలవుతోంది. నవాకాలో మా గడ్డి ఇంట్లో, నాలుగైదు రోజుల జ్వరం తరువాత. మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసిన కొద్దిమందీ కూలీ లైన్లలో ఆమెతో పాటు పార పట్టినవాళ్లే. వాళ్లలో ఇద్దరు ముగ్గురు వచ్చి కాసేపు కూచున్నారు, మర్నాడు పనుందని లేచి వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టను. ఏడవడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి, అది మా అందరి దగ్గరా తక్కువే.

నాన్న ఈ దీవుల్లో చెరకు తోటల కూలికని మాతో పాటు ఓడెక్కి, ఈ నేల చూడకుండానే సముద్రంలో కలిసిపోయాడు. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని దింపింది. లైన్లలో ఒక ఇరుకు గది, పొద్దు పొడవకముందే గంట. కొన్నేళ్లకు నాకూ వయసొచ్చిందని గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, రాయించి టాస్కు ఇచ్చారు. టాస్కు అంటే తెలియనివాళ్లకు చెబుతాను. చెరకు తోటలో ఒక పొడవాటి సాలు చూపిస్తారు. పొద్దుగూకేలోగా దాని కలుపంతా చెక్కి తీరాలి. చివర మూరెడు మిగిలినా ఆ రోజు పని చేయనట్టే.

మొదటి రోజే నేను సగానికి రాకుండా కూలబడ్డాను. చేతులు బొబ్బలెక్కాయి. చెరకు నా తల కంటే ఎత్తు, ముందు ఏముందో కనబడదు. అప్పుడు అవతలి చివర నుంచి పార చప్పుడు వినబడింది. అమ్మ తన టాస్కు ముగించుకుని, చుట్టూ తిరిగి వెళ్లి, నా సాలును ఆ చివర నుంచి మొదలుపెట్టింది. పక్కన చేరి నా పార లాక్కుంటే నాకు సిగ్గని కాబోలు, ఎప్పుడూ ఎదురుగానే వచ్చేది. మధ్యలో ఆకులు తప్పించి తల బయటపెట్టి, "అయిపోనాది. లెగు, బువ్వొండాల" అనేది. అంతకు మించి ఓదార్చడం ఆమెకు రాదు.

మా మీద పని చూసే సర్దారుకు ఇది నచ్చేది కాదు. "ఏ మద్రాసిన్, ఈ తుమ్హార్ టాస్ నైఁ" అని అరిచేవాడు, ఇది నీ టాస్కు కాదు కదా అని. అమ్మకు అప్పటికే హిందీ బాగా వచ్చు. అయినా ఏమీ రానట్టు మొహం పెట్టి, పార ఆపకుండా, "కూతురు నాదే కదేటి బాబూ" అని తెలుగులో అనేది. అతను విసుక్కుని వెళ్లిపోయేవాడు.

అలాగని మెత్తటి మనిషి కాదు. మా ఆయన హిందీ మనిషి, పక్క వరుస గదుల్లో ఉండేవాడు. అతన్ని చేసుకుంటానన్నప్పుడు అమ్మ లైనంతా అదిరేలా అరిచింది. "ఆడికి మన బాస రాదు, మన తిండి తినడు. ఎల్లు. నా మొకం సూడకు" అంది. వెళ్లాను. మర్నాడు మధ్యాహ్నం దాటాక నా సాలు అవతలి చివర పార చప్పుడు. నా చేతులు ఆగిపోయాయి. మధ్యలో కలిసినప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకునే మిగిలిన గడ్డి చెక్కింది, పార భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అలా కొన్ని నెలలు.

కడుపుతో ఉన్నానని నేను ఆమెకు చెప్పలేదు. నేను వంగే తీరు చూసి కనిపెట్టి ఉంటుంది. ఆ పార చప్పుడు రోజురోజుకూ సగం దాటి ఇవతలికి రావడం మొదలైంది. కులంబరు, అంటే మా తెల్ల దొర, టాస్కు తగ్గించేది లేదన్నాడు. అంతకు ముందు ఏడాది మా లైన్లోనే ఒకామెకు చెరకులో పని చేస్తూండగానే కడుపు పోయింది. ఆ భయం నన్ను నిద్రలో కూడా వదిలేది కాదు. ఒకరోజు మధ్యలో కలిసినప్పుడు అమ్మ నోరు విప్పింది. "కూకో. బిడ్డ నిలబడాల" అంది. నెలలు నిండేసరికి ఆ సాలులో నాకు మిగిలే పని కొద్దిగానే ఉండేది. నా బిడ్డ నిలిచింది. అమ్మ కుడి మోకాలు మాత్రం ఆ ఏడాది నుంచి సరిగ్గా వంగలేదు.

తరువాత మాతోనే ఉంది. అల్లుడు కాల్చిన రొట్టె పప్పులో ముంచుకుని, "ఉప్పు సాల్లేదు" అని రోజూ వంక పెట్టేది. ఏ రోజూ ముక్క మిగల్చలేదు.

గిర్మిట్ తీరాక నవాకాలో కాస్త భూమి కౌలుకు తీసుకున్నాం. సర్దారు లేడు, గంట లేదు. అయినా పొద్దున్నే కుంటుకుంటూ అవతలి చివరకే వెళ్లేది. "ఇప్పుడు టాస్కు లేదమ్మా, ఇంటికాడ కూకో" అంటే, "నువ్వక్కడ ఒంగుంటే నాకిక్కడ బువ్వెలాగ దిగుద్దే" అనేది. పార ఎత్తలేని రోజున కూచుని చేత్తో పీకేది. నన్ను ఎందుకంత ప్రేమించిందో నాకు ఇప్పటికీ తెలియదు. దానికి తగిన పని నేనేదీ చేయలేదు, ఆమె అడగనూ లేదు.

జ్వరం వచ్చిన రోజు పొద్దున నేనింకా ఇంటి పనిలో ఉండగానే తోటకి వెళ్లి, ఒళ్లు కాలిపోతూ ఆ చివర నుంచే తిరిగొచ్చి పడుకుంది. ఎంత పని చేసిందో ఎవరూ చూడలేదు. ఆ తరువాత ఎవరం తోట వైపు వెళ్లలేదు.

దినాలు అయిన మర్నాడు పార తీసుకుని ఆ సాలుకే వెళ్లాను. నా చివర నుంచి చెక్కుతూ పోయాను. అలవాటు పోక మధ్య మధ్య ఆగి చెవి పెట్టాను. ఆకులు గాలికి రాసుకుంటున్నాయి, అంతే. సగానికి ఇంకా చాలా దూరం ఉందనగా పార వట్టి మట్టి మీద పడింది. తలెత్తి చూశాను. అక్కణ్ణుంచి ఆ చివరిదాకా కలుపు లేదు. పీకిన గడ్డి కుప్పలుగా ఎండి ఉంది. ఈ మధ్య వాన పడలేదు కాబట్టి చివరి కుప్ప పక్కన కుడికాలు చాపుకుని కూచున్న గుర్తు అలాగే ఉంది. శుభ్రమైన ఆ మట్టిలో అప్పుడే సన్నగా తుంగ మొలకెత్తుతోంది. నేను పార పక్కన పెట్టి, ఆ గుర్తుకు ఎదురుగా కూచున్నాను.