పేరు పలకమన్న సమాధి

అరోరా నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్క సీట్లో ఒక తెలుగమ్మాయి కూర్చుంది. ఒళ్లో ఉన్న లాప్‌టాప్‌లో ఈజిప్టు సమాధి గోడ ఫోటోను పెద్దది చేసుకుని, చెరిగిపోయిన బొమ్మల అక్షరాలను ఒక్కొక్కటే పోల్చుకుంటోంది. నేను తొంగి చూస్తుంటే నవ్వి, స్క్రీన్ నా వైపు తిప్పింది.

"కింగ్ పిరమిడ్ పక్కన చిన్న టూంబ్ ఆంటీ ఇది. క్వీన్ దగ్గర వర్క్ చేసిన ఒకావిడది. దారిలో వెళ్లేవాళ్లు ఒక్కసారి నా పేరు చెప్పండి అని రాయించుకుంది."

"చెబితే ఏమవుతుంది?"

"పేరు చెప్తే ఆమె ఇంకా ఉన్నట్టే. అది వాళ్ల బిలీఫ్. నేను రోజూ వర్క్ స్టార్ట్ చేసేముందు చెప్తా."

కాసేపటికి మాటల్లో, "మీకు కిడ్స్ ఉన్నారా ఆంటీ?" అని అడిగింది.

ఎవరడిగినా ఒక్కతే కూతురని చెబుతాను. ఆ రోజు మాత్రం, "ఒక అమ్మాయి ఉంది. తనకన్నా ముందు ఇంకో పాప పుట్టింది. హాస్పిటల్ నుంచి ఇంటికి రాలేదు" అన్నాను.

ఆ అమ్మాయి సారీ అనలేదు. లాప్‌టాప్ మూసి, "పాప పేరేంటి?" అంది.

మా ఇంట్లో ఏళ్లుగా ఎవరూ పలకని పేరు అది.

"వెన్నెల" అన్నాను.

"వెనెల" అంది. సరిగ్గా రాలేదని తనకే తెలిసి, ఈసారి నిదానంగా, "వెన్నెల" అంది.

షికాగోలో దిగి జనంలో కలిసిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా అమ్మాయికి, తనకొక అక్క ఉండేదని చెప్పాను.

"వాట్స్ హర్ నేమ్?" అంది.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన చెప్పారు.