అక్క చెరుకుకు నీళ్ల లెక్క

బావ పోయిన మరుసటి ఎండాకాలం, నవీపేట్ దగ్గర అక్క చేనులో బోరు సన్నగా పోయడం మొదలుపెట్టింది. చుట్టూ చాలామంది చెరుకు మానేశారు. అక్క మానలేదు.

"తమ్మీ, వానలదాకా మొత్తం చెరుకు దక్కుతదా, సగం ఇడిసిపెట్టాల్నా? జర సూసి చెప్పు" అని అడిగింది.

రైతులకు నీటి సలహాలు చెప్పడమే నా ఉద్యోగం. నేల నుంచి, ఆకు నుంచి రోజూ ఎంత నీరు ఆవిరవుతుందో తేలితే అక్కకు జవాబు దొరుకుతుంది. దానికి ఎండ, గాలి, తేమ అన్నీ తెలియాలి. మాకు దగ్గర్లోని వాతావరణ యంత్రం వేడి ఒక్కటే చెబుతుంది, మిగతావి ఎప్పుడో మూగబోయాయి. పగటి వేడికీ రాత్రి వేడికీ ఉన్న తేడాతో ఎండను అంచనా కట్టే పద్ధతి ఒకటుంది. కానీ మా వడగాలి సంగతి దానికేం తెలుసు? అందుకే గట్టు మీద రేకు తొట్టి పెట్టి, గీత దాకా నీళ్లు పోసి, రోజూ ఎంత తగ్గుతుందో కొలిచాను.

పెద్దగా తగ్గలేదు. నమ్మబుద్ధి కాలేదు, కానీ నమ్మాలనిపించింది. మొత్తం దక్కేలా ఉందని అక్కతో అన్నాను. ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

ఒక పొద్దున కాస్త ముందే వెళ్తే, అక్క అత్తగారు బిందెతో తొట్టి నింపుతూ కనిపించింది.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?"

"పిట్టలు తాగి పోతున్నయ్ బిడ్డా. ఎండల తొట్టి ఖాళీగుంటె పాపం గాదా? నువ్వు గీత గీసినవ్ గద, రోజూ గంతదాకనే పోస్తున్న."

కోపం ముంచుకొచ్చింది. ఆమె ముఖం చూశాక అది చల్లారింది. పిట్టలకు వేరే మూకుడు పెట్టి, తొట్టికి వల కప్పాను. ఇక నీళ్లు కళ్లముందే తగ్గిపోయాయి. బోరు పోసేది సగం చెరుకుకే సరిపోతుంది.

ఆ మాట చెప్పలేక బోధన్ రోడ్డు మీద చాయ్ హోటల్ దగ్గర బండి ఆపి చాలాసేపు కూర్చున్నాను. చెబితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఏ దిక్కు?" అన్నది. బోరుకు దూరంగా ఉన్న మడులు చూపించాను. పార తీసుకుని నడిచింది.

"వాన మిరుగం కార్తె కంటె ముందే పడితే?"

"పడితే నా లెక్క తప్పినట్టే అక్కా."

"తప్పాలె తమ్మీ" అంటూ కాలువకు మట్టి అడ్డం వేసింది.

నా లెక్క తప్పాలని ఆ ఒక్క ఏడాదే కోరుకున్నాను. తప్పలేదు.