తెలుగు కార్డుకు కుంకుమ బొట్టు

కంప్యూటర్ అనగానే నాకు ఈనాటికీ ముందుగా గుర్తొచ్చేది వాసన. కర్పూరం, గుట్కా, వేడెక్కిన ప్లాస్టిక్కు మూడూ కలిసిన కంపు. తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసిన డీటీపీ సెంటర్ తలుపు పొద్దున్నే తీస్తే చాలు, ఆ కంపు ముక్కుపుటాలు అదరగొట్టేది. పెళ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, ఆలంపూర్ నుంచి వచ్చే గుడి ఉత్సవాల కరపత్రాలు అన్నీ ఆ కంపులోనే తయారై బయటికి పోయేవి. నేను ప్రూఫులు చూసేదాన్ని. కొమ్ము ఒకటి తప్పిపోయినా నిద్ర పట్టని మనిషిని. అలాంటిదాన్ని ఆ షాపులో అన్నేళ్లు ఎట్లా వేగానో నాకే ఆశ్చర్యం.

షాపు యజమానిని సార్ అనేవాళ్లం. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసిన సంగతి ఒక్కటే, అది సరస్వతి అని. చెప్పులు బయటే విడవాలని గోడ మీద రాయించాడు. తాను మాత్రం దవడలో గుట్కా బిగించి, మానిటర్ మీదికి వంగి మాట్లాడేవాడు. గాజు మీద పడిన ఎర్రటి తుంపర్లు తుడవడం మా పని. శుక్రవారం వచ్చిందంటే కంప్యూటర్‌కు పూజ. ఊదుబత్తి ఎక్కడ గుచ్చాలో తోచక ఫ్లాపీ పెట్టే సందులో గుచ్చేవాడు. బూడిదంతా లోపలికే రాలేది. వద్దని చెబితే, దేవుడి పొగకు ఏమీ కాదనేవాడు.

షాపును నిజంగా నడిపింది ఆపా. నలభై దాటిన ముస్లిం ఆవిడ, నాకంటే పెద్దది కాబట్టి అందరిలాగే నేనూ ఆపా, అంటే అక్కా అనే పిలిచేదాన్ని. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. లారీ నడిపే ఆమె భర్తకు నడుము దెబ్బతిన్న తర్వాత ఇంటికి ఆమె సంపాదనే దిక్కయింది. తెర వైపు చూడకుండా, నాతో కబుర్లు చెబుతూనే పేజీకి పేజీ తెలుగు కొట్టేది. ఆమె కొట్టినదాంట్లో తప్పులు వెతకడం నాకు పరీక్షలాగా ఉండేది. చాలాసార్లు నేనే ఓడిపోయేదాన్ని.

అప్పట్లో తెలుగు ఇప్పటిలా ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండేది కాదు. మా షాపులో అది జానెడు పొడవున్న ఒక ఆకుపచ్చ కార్డులో ఉండేది. కంప్యూటర్ డబ్బా లోపల మదర్‌బోర్డు మీద ఒక పొడుగాటి నల్ల సందు, ఆ సందులో ఈ కార్డు గుచ్చి ఉంటేనే తెర మీద తెలుగు కనిపించేది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలన్నది కూడా ఆ కార్డు చెప్పిన ప్రకారమే. ఆపా వేళ్లు నేర్చుకున్నది ఆ వరుసనే.

ఇంతలో మా వీధి చివర ఇంకో షాపువాడు కొత్త పెంటియం కంప్యూటర్ తెచ్చాడు. సార్‌కు అన్నం సహించలేదు. హైదరాబాద్‌లో ఎవరో మెకానిక్‌తో మాట్లాడి, ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీ మూడూ కొత్తవి వేయించడానికి ఒప్పందం చేసుకున్నాడు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చినట్టు, పాతవి మెకానిక్ పట్టుకుపోవాలి. ముహూర్తం చూసి మరీ పిలిపించాడు.

మెకానిక్ డబ్బా మూత తీసి వెనక్కి జరిగాడు. లోపలంతా బూడిద. ఫ్యాను రెక్కలకు వెంట్రుకలు చుట్టుకొని ఉన్నాయి. ఒక మూల బల్లి గుడ్లు, వాటి పక్కన వెల్లకిలా చచ్చిన బొద్దింకలు. ఇన్నాళ్లూ ఈ పెంట ముందు కూర్చునేనా మధ్యాహ్నం అన్నం తిన్నాను అనిపించింది.

"ఏంది సార్ గిది, పొయ్యిల నుంచి తీసినట్టున్నది?" అన్నాడు మెకానిక్.

"పూజ చేస్తం గద," అన్నాడు సార్ గర్వంగా.

అంతటితో ఆగలేదు. కొత్త మదర్‌బోర్డు అట్టపెట్టెలోంచి బయటికి వచ్చీరాగానే, తడి కుంకుమ వేలితో దాని మీదికి వంగాడు. మెకానిక్ చేయి అడ్డం పెట్టి కేక వేస్తే, సరేనని ప్రాసెసర్ మీది ఫ్యానుకు బొట్టు పెట్టి తృప్తిపడ్డాడు.

అన్నీ బిగించాక మెకానిక్ తెలుగు కార్డును పట్టుకొని బోర్డు మీద అటూ ఇటూ చూశాడు. "దీనికి జాగా లేదు సార్. గీ కొత్త రకం బోర్డులకు గసొంటి పొడుగు సందు వస్తలేదు."

ఆపా కుర్చీలోంచి లేచింది. "జాగా లేకుంటె తెలుగు ఎట్ల వస్తది? తెలుగంత అండ్లనే ఉంటది సార్."

"హార్డ్ డిస్కు పాతదే ఉంచుతున్నం. నువ్వు కొట్టిందంత అండ్లనే ఉన్నది. నీకెందుకమ్మా ఫికర్?" అన్నాడు సార్.

"గట్ల కాదు సార్. పాత బోర్డు కూడ ఉంచుకుందం. ఓ మూలకు పెట్టియ్యుండ్రి, తెలుగు పని నేను దాని మీదనే చేస్త."

"పాతవి ఇస్తనని మాటిచ్చిన. మాట తప్పుమంటవా?"

ఆ గుట్కా నోటికి మాట మీద అంత గౌరవం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. పాత బోర్డు, ప్రాసెసర్, మెమరీ మెకానిక్ సంచిలోకి వెళ్లిపోయాయి. తెలుగు కార్డు మాత్రం తనకు అక్కర్లేదంటూ అతను చెత్తబుట్టలో వేయబోతే సార్ చేయి పట్టుకున్నాడు.

"అక్షరాలున్నదాన్ని చెత్తల ఏస్తవా? సరస్వతిరా అది!"

కార్డును కళ్లకద్దుకొని, గోడకున్న దేవుడి అరలో పటాల మధ్య నిలబెట్టి బొట్టు పెట్టాడు. మరునాడు ఆపా కొట్టిన పాత ఫైలు తెరిస్తే తెర నిండా పిచ్చి గీతలు, గుర్తులు. "ఏం చేసినవమ్మా?" అని సార్ అందరి ముందు ఆమె మీదనే అరిచాడు. తప్పు ఆమెది కాదని నేను చెప్పబోతే, నన్ను కూడా తిట్టాడు.

తర్వాత ఎక్కడి నుంచో ఒక దొంగ కాపీ తెలుగు సాఫ్ట్‌వేర్ తెచ్చి వేయించాడు. దాని మీటల వరుస పూర్తిగా వేరు, టైపు మిషన్‌ది. ఆపా 'క' కొట్టబోతే ఇంకేదో పడేది. కొత్త వరుస నేర్చుకోవడానికి ఆమె అన్నం మానేసి మధ్యాహ్నాలు కూర్చునేది. సార్ వచ్చి స్విచ్ ఆపేసేవాడు, కంప్యూటర్ వేడెక్కుతుందట. వారం తిరగకుండానే టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇంకొకర్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆపాకు పెళ్లి పత్రికలు మడతపెట్టి, నాలుగు మూలలా పసుపు అద్దే పని ఇచ్చాడు. జీతం సగం చేశాడు. ఆమె పసుపు చేతులతో కింద కూర్చొని ఉంటే, తల పైన అరలో కార్డు వారం వారం కొత్త బొట్టుతో వెలిగిపోతుండేది.

కొన్ని నెలలకు ఆపా నన్ను పక్కకు పిలిచింది. ఒక కాలేజీవాళ్లు పాత ఇనుముకు అమ్మేసిన కంప్యూటర్‌ను ఆమె భర్త ఇంటికి తెచ్చాడట.

"మూత తీసి చూసిన చెల్లె. పొడుగు సందు ఉన్నది అండ్ల. కార్డు ఒక్కటి దొరికితె సాలు, ఇంట్ల కూసోని బడి ప్రశ్నపత్రాలు కొట్టుకుంట. బడి సార్లు నన్నే అడుగుతున్నరు."

ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఇద్దరం వెళ్లి సార్‌ను ఆ కార్డు అడిగాం.

"పూజల ఉన్నదాన్ని ఇయ్యొద్దమ్మా. ఇస్తె షాపుల నుంచి సరస్వతి ఎల్లిపోతది."

"అది మీకు దేనికి పనికొస్తది సార్?" అన్నాను.

"బొట్టు పెట్టుకోనీకె."

ఇంత నిజాయితీగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఆపా ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంది, పండగకోసారి, పబ్బానికోసారి. ప్రశ్నపత్రాల బేరాలు ఒక్కొక్కటే వేరే షాపులకు పోయాయి.

దసరాకు సార్ షాపుకు సున్నం వేయించి, చుట్టూ రంగుల బల్బులు వెలిగే కొత్త పటం కొన్నాడు. పాత పటాలతో పాటు కార్డును కూడా ఆలంపూర్ తీసుకుపోయి తుంగభద్రలో కలిపేస్తానన్నాడు. ఆయన చేతిలోంచి కార్డు లాక్కున్నాను.

"నది దాంక ఎందుకు సార్? ఆపాకియ్యుండ్రి."

ఆయన నవ్వి, దానం చేస్తున్నవాడిలా దాన్ని మళ్లీ నా దగ్గర తీసుకొని, ఆకు వక్క పెట్టి మరీ ఆమె చేతికిచ్చాడు. ఆమె రెండు చేతులా అందుకుంది.

ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లాం. వెలుతురులో పట్టుకొని చూస్తే గానీ దాని సంగతి తెలియలేదు. కుంకుమ మీద కుంకుమ, దీపం నూనె, కొబ్బరినీళ్లు కలిసి పెచ్చులు కట్టాయి. నైవేద్యం పెట్టిన పటిక బెల్లం తియ్యదనానికి చీమలు పట్టి అందులోనే అంటుకుపోయాయి. సందులో కూర్చోవాల్సిన రాగి పళ్లన్నీ పచ్చగా చిలుమెక్కాయి. ఆపా పాత పళ్ల బ్రష్షుతో గీకింది, స్పిరిట్ దూదితో తుడిచింది, పిల్లల రబ్బరుతో రుద్దింది. రుద్దుతుంటే పళ్లే ఊడి వచ్చాయి. మిగిలినవాటితోనే సందులో గుచ్చి స్విచ్ వేసింది. తెర మీద ఇంగ్లిష్ వచ్చింది. తీసి మళ్లీ గుచ్చింది. మళ్లీ ఇంగ్లిషే.

నేను సార్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు రాయలేని మాటలవి. ఆపా నన్ను వారించలేదు, తానూ తిట్టలేదు. కొంగుతో కార్డును ఇంకోసారి తుడిచి, ఒళ్లో పెట్టుకుంది.

"చెత్తల పారేసినా బాగుండు చెల్లె," అంది. "ఆ రోజే ఏరుకుంటుంటి."