అనుఫోలో నా బట్టీ పలకరింపు

పంతం పడితే ఏ భాషైనా పది రోజుల్లో నోటికొస్తుందని నమ్మే వయసది. ఆ రోజుల్లో నేను ఇబ్రహీంపట్నం దగ్గరి కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతున్నాను (అని మా బాపు అనుకునేవాడు). మా పైగదిలో నా క్లాసువాడొకడు అద్దెకుండేవాడు. ఘనా ఉత్తరాన, టోగో సరిహద్దు దగ్గర వాడి ఊరు. ఇంట్లో మాట్లాడేది అనుఫో అనే భాష. మా గుమ్మానికి తల తగలని రోజు లేదు కనుక గల్లీ అంతా పొడుగన్న అని పిలిచేది.

ఒకనాడు మెట్ల మీద దిగాలుగా కూర్చున్నాడు. "అమ్మ వచ్చెయ్ అంటుంది. నాకు జరమొచ్చింది కదా, గప్పటి సంది భయం. గక్కడ నీకు ఎవరున్నరు అంటుంది" అన్నాడు, మా బస్టాండులో నేర్చిన తెలుగులో. చదువు సగంలో వదిలేసి పోతాడట! నాకు రోషమొచ్చింది. దవాఖానకు బండి మీద తీసుకుపోయింది నేను, జావ కాచి పోసింది మా అమ్మ. ఎవరూ లేకపోవడమేమిటి? "మీ అమ్మతోని నేను మాట్లాడ్త. మీ భాషలనే మాట్లాడ్త. ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆమె మళ్లీ ఫోన్ చేసే ఆదివారానికి పది రోజులుంది.

వాళ్ల ఊళ్లో పెద్దలతో అసలు సంగతి ఎత్తే ముందు పలకరింపే బారెడుంటుందట. ఇల్లెలా, పిల్లలెలా, చేనెలా, ఒంట్లో ఎలా అని. వాళ్లు ఇంగ్లీషు అక్షరాలకు తిరగేసిన 'సి' లాంటివి కలిపి రాస్తారు. నేను తెలుగులో రాసుకున్నాను. గ, బ రెండూ ఒకే దెబ్బకు పలికే చప్పుడొకటుంది, దానికి మన ఒత్తు పనికొచ్చింది. కానీ గొంతు ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో కూడా అక్కడ మాటలో భాగమే. అందుకని అక్షరాల నెత్తిన బాణాలు గీశాను. దిల్‌సుఖ్‌నగర్ బస్సులో వేలాడుతూ గొణిగాను, బర్రెకు గడ్డి వేస్తూ అరిచాను (అది రెండు పూటలు పాలు చేపలేదు). "గట్ల కాదు, జర కిందికి" అని పొడుగన్న దిద్దేవాడు. "ఇంగ్లీషుల తప్పినోడు ఆఫ్రికా భాష నేర్చుకుంటడట" అని బాపు వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. నేను వదల్లేదు.

ఆదివారం ఫోన్ మోగింది. మేము చదివిందంతా గైడ్లలో, ప్రశ్నా జవాబూ కలిపి బట్టీ పట్టడం తప్ప మరో విద్య రాదు. "ఇల్లెలా ఉంది? ఇల్లు బాగుంది. పిల్లలెలా ఉన్నారు? పిల్లలు బాగున్నారు" అంటూ ఆమె చెప్పాల్సినవి కూడా నేనే అప్పజెప్పేశాను. మధ్యలో ఆమె ఏదో అనబోయింది. ఆగితే మరచిపోతానని ఇంకా గట్టిగా చదివాను. పొడుగన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అవతల నవ్వు వినపడింది. ఎవరినో పిలిచి చెప్పి మళ్లీ నవ్వు. చివరికి ఏదో చెప్పింది. "నా కోసం గింత కష్టపడ్డోడు నీకున్నడు, చదువు అయినంకనే రా అంటుంది" అన్నాడు పొడుగన్న. వాడి కళ్లలో నీళ్లు, నా కళ్లలోనూ అంతే.

చదువయ్యాక వాడు వెళ్లిపోయాడు. మొన్న వాడికి ఫోన్ చేస్తే పక్కనే వాళ్లమ్మ దొరికింది. ఇప్పుడు నాకు బుద్ధొచ్చింది కదా, ఇల్లెలా ఉందని అడిగి మర్యాదగా ఆగాను.  దగ్గు వినపడింది, మెల్లగా రెండు మాటలు. "ఎందుకు ఆగినవ్ అంటుంది. అమ్మకు ఆయాసం, ఎక్కువ మాట్లాడరాదు. ఆమె జవాబులు కూడా నువ్వే చెప్పాల్నట" అన్నాడు పొడుగన్న.

బాణాల నోటుబుక్కు వెతికి తీశాను. ఆ మొండి కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకుంటూ మొదటి నుంచి చదివాను. ఇల్లు బాగుంది. పిల్లలు బాగున్నారు. చేను బాగుంది. ఒంట్లో ఎలా ఉందని అడిగి, బాగుందని ఆమె తరఫున నేనే చెప్పాను.