సార్లను ఏరిన కాంట్రాక్టరు

మా తమ్ముణ్ణి పరదేశంలో సారును చేస్తానని ఒకడు బయలుదేరాడు. వాడి పేరు పలికి నా నోరు పాడు చేసుకోను. కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గోడలు కట్టే సుతారి పనివాళ్ళనూ మట్టి పనివాళ్ళనూ ఏరి అరబ్బు దేశాలకు పంపించే కాంట్రాక్టరు వాడు. నడి ఎండాకాలంలో కూడా సఫారీ సూటు వేసేవాడు, చంకలో ఎప్పుడూ ఒక తోలు సంచి. కూలీలను పంపి పంపి విసుగొచ్చిందో ఏమో, ఉన్నట్టుండి సార్ల మీద పడ్డాడు. ఒమాన్‌లో మనవాళ్ళ పిల్లల కోసం కొత్త బడి పెడుతున్నారనీ, పంతుళ్ళు కావాలనీ ఊరూరా చెప్పించాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా చదువుకున్న గొర్రెలన్నీ తలలూపాయి. అందరికన్నా ముందు ఊగిన తల మా ఆయనది.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. నేను ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా ఆయన అక్కడే హైస్కూల్లో సైన్సు సారు. ఇద్దరివీ సర్కారు కొలువులే.

"మొగుడు పెండ్లాలు ఇద్దరు సార్లయితే ముందుగాల తీస్కుంటరట. నువ్వు గూడ రావాలె," అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చుని.

"సర్కారు కొలువు ఇడిసిపెట్టి ఆడికి పోయి ఏం జేస్తరు? ఎండల ఎండుతరా?"

"నీకేమెర్క? ఎల్లారెడ్డి బస్టాండు దాటి ఏం జూసినవ్ నువ్వు?"

ఆయన చూసిన ప్రపంచం నిజామాబాద్ వరకు. అదీ పరీక్ష పేపర్లు దిద్దడానికి పోయినప్పుడు.

ఆయన గురించి నాకు బెంగ లేదు. సర్కారు కొలువుకు రాజీనామా రాసే గుండె ఆ మనిషికి లేదు. బెంగంతా మా తమ్ముడి గురించే. మాచారెడ్డి దగ్గరి మా ఊళ్ళో బీఎడ్ దాకా చదివిన మొదటివాడు వాడు. నాగలి పట్టకుండా బతకాలని బాపు వాణ్ణి చదివించాడు. కొలువు మాత్రం రాలేదు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. అది పేరుకు ఇంగ్లీషు మీడియం, లోపల చూస్తే రేకుల కొట్టం. దాని యజమాని ఎరువుల దుకాణం నడిపీ నడిపీ బడి పెట్టిన మహానుభావుడు, జీతం అడిగితే క్యాలెండరు చూసేవాడు. అందుకే తమ్ముడు ఆదివారం రాగానే ఊరికి పోయి బాపుతో పాటు మడి దున్నేవాడు, గట్లు చెక్కేవాడు. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో వాడి పేరు మెల్లగా ముందుకు జరుగుతోంది. ఇంకొంత ఓపిక పడితే సర్కారు నుంచి పిలుపు వస్తుందని నా ఆశ. వాడు దేశంలో లేనప్పుడు ఆ పిలుపు వచ్చిందో, అది చేజారి, తిరిగొచ్చేసరికి వయసు దాటిపోయి ఇక జన్మలో సర్కారు సారు కాలేడు. ఈ కాంట్రాక్టరు మాట నిజమా, కోతలా అన్నది నాకు తెలియాలి. అందుకే మా ఆయన పిలవగానే చీర మార్చుకుని బస్సెక్కాను.

ఇంటర్వ్యూ కామారెడ్డి మార్కెట్లో ఒక బెల్లం గోదాము మీది గదిలో. మెట్లెక్కుతుంటే జిడ్డు వాసన, ఈగలు. ఇస్త్రీ బట్టల్లో సార్లు గోడ పొడుగూతా నిలబడ్డారు. ఒకాయన టై కట్టుకొచ్చాడు! ఆ ముడి ఎలా విప్పాలో తెలియక రాత్రి దానితోనే పడుకున్నాడేమో అనిపించింది. పిల్లలు వరుస తప్పితే బెత్తంతో కొట్టే మహా మహా సార్లు, అక్కడ ఒకరి వెనక ఒకరు నోరెత్తకుండా నిలబడ్డారు.

ఒక్కొక్కరినీ పిలిచి అందరి ముందే పాఠం చెప్పమన్నాడు కాంట్రాక్టరు. మా ఆయన మొక్కలు ఆహారం తయారుచేసుకునే పాఠాన్ని ఇంగ్లీషులో బట్టీపట్టి వచ్చాడు. చేతులూపుతూ, చెమటలు కక్కుతూ చెప్పాడు. ఆ మహారాజు మాత్రం అగ్గిపుల్లతో చెవిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. పాఠం అయిపోగానే లేచి, "శానా మంచిగ చెప్పిన్రు సార్," అని మా ఆయన చెయ్యి తన రెండు చేతుల మధ్య పట్టుకుని ఊపాడు. మా ఆయన ఉప్పొంగిపోయాడు. "కబురు చేస్త," అని పంపించేశాడు.

తర్వాత తమ్ముడు. వాడు బల్ల మీద సుద్దతో మడి బొమ్మ గీసి వైశాల్యం లెక్క మొదలుపెట్టాడు. సగం కూడా కాలేదు, "చాలు సార్," అని కాంట్రాక్టరు లేచాడు. తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి వెంటనే వదల్లేదు. నవ్వుతూనే అరచేతిని కొంచెం తిప్పి, వేళ్ళ మొదట్లో బొటనవేలితో నొక్కి చూశాడు. ఇటూ అటూ రెండుసార్లు రుద్దాడు. "మీరు పాస్," అన్నాడు.

ఆ నొక్కుడు నాకు తెలుసు. మా ఊళ్ళో కూలీలను ఏరడానికి వచ్చినప్పుడు వీడు చేసే పని అదే. మా కొట్టం ముందర మగవాళ్ళను నిలబెట్టి, మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ చేతులు పట్టి చూసేవాడు. అరచేయి మెత్తగా ఉన్నవాణ్ణి పక్కకు తోసి, కాయలు కాచినవాణ్ణి తీసుకునేవాడు. పార పట్టేవాడెవడో, పట్టినట్టు నటించేవాడెవడో తెలుసుకోవడానికి వాడికి మాటలతో పనిలేదు.

ఆ రోజు ఆ గదిలో పాసైనవాళ్ళు ముగ్గురు. మా తమ్ముడు, గాంధారి దగ్గర సొంతంగా వ్యవసాయం చేసుకునే ఒక సారు, ఒక డ్రిల్లు మాస్టరు. ఇంగ్లీషులో ఎమ్మే చదివినాయన ఫెయిలు! నన్నయితే పాఠమే అడగలేదు. "లేడీసుది తర్వాత సూద్దాం మేడం," అన్నాడు దూరం నుంచే దండం పెట్టి. చిన్నపిల్లల బడికి ఆడ టీచరు వద్దట. ఎంత సిగ్గులేని అబద్ధం!

కింద మార్కెట్లో నిలబడి మా ఆయనకు, తమ్ముడికి, పక్కనున్న సార్లకు అందరికీ వినిపించేలా చెప్పాను.

"వాడు పాఠాలు ఇన్లే. చేతులు జూసిండు. కాయలు కాచినోళ్ళను తీస్కున్నడు. సార్లని జెప్పి కూలీలను తోల్కపోతున్నడు. బుద్ధుంటే సర్టిఫికెట్లు ఇయ్యకుండ్రి."

కాంట్రాక్టరు మోసం బయటపెట్టానని నేననుకున్నాను. సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ్ముడు మాత్రం బెల్లం ముద్దల బండి వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడికి కోపం వచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న లేచి చూద్దును కదా, మా ఆయన బావి దగ్గర ఉన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి చెంబెడు నీళ్ళు ముంచుకోని మనిషి, గిలక తీసేసి ఉత్త తాడుతో నీళ్ళు తోడుతున్నాడు.

"ఏమైంది మీకు?"

"ఒంటికి మంచిది," అన్నాడు రొప్పుతూ.

బడికి పోతూ దారిలో చూశాక గాని నాకు అసలు సంగతి అర్థం కాలేదు. మా ఆయన హైస్కూల్లో, నిన్న మాతో పాటు కామారెడ్డి వచ్చిన లెక్కల సారు, హిందీ సారు, సోషల్ సారు లుంగీలు ఎగగట్టి ప్రహరీ గోడ వెంట గుంతలు తవ్వుతున్నారు. ఏళ్ళ తరబడి ఆ బడిలో ఒక మొక్క నాటిన పుణ్యాత్ముడు లేడు. హెడ్మాస్టరు శ్రమదానం అనుకుని మురిసిపోయి, ప్రార్థనలో వాళ్ళను పొగిడి, పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు. నా మాటలోంచి 'కూలీలు' అన్న ముక్క వదిలేసి, 'చేతులు' అన్న ముక్క మాత్రం పట్టుకుపోయారు ఆ మేధావులు. వీసా రావాలంటే అరచేతులు గట్టిపడాలని వాళ్ళకు తేలింది. ఎందుకు గట్టిపడాలో ఒక్కడూ అడగలేదు. పిల్లలకు ఎందుకు, ఏమిటి అని ప్రశ్నలు వేసుకొమ్మని చెప్పే నోళ్ళు! థూ.

మా ఆయన రాత్రి చేతులకు వెన్న రాసుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గా కాంట్రాక్టరు మిమ్ములను మట్టి మొయ్యనీకె తీస్కపోతడు. సమజైతలేదా?"

"ఆడికి పోయినంక సర్టిఫికెట్లు జూపిస్తే వాళ్ళే బడిల ఏస్కుంటరు. ముందుగాల ఆడ దిగాలె గదా," అన్నాడు. నా ఖర్మ అని పక్క వేసుకున్నాను.

రెండో విడత పిలుపు రాగానే మళ్ళీ కామారెడ్డి, మళ్ళీ అదే గోదాము. నేను పోలేదు. సాయంత్రం మా ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమన్నడు?"

"చెయ్యి జూసి నవ్విండు. 'గివి బొబ్బలు సార్, కాయలు గావు. మీరు అసలైన బడిపంతులు, బడిల్నే ఉండుండ్రి,' అన్నడు."

"మరి గంత సంబరమెందుకు?"

"అసలైన బడిపంతులు అన్నడు గదనే! మనిషికి విలువ తెలుసు."

ఇంతకన్నా మా ఆయన గురించి రాయడానికి ఏమీ లేదు. ప్రహరీ గోడ వెంట గుంతలు వానాకాలంలో నీళ్ళు నిండి, పిల్లలు జారిపడితే పూడ్పించారు.

నాకు తమ్ముడి భయం మిగిలింది. పాసైనవాళ్ళ సర్టిఫికెట్లు, పాసుపోర్టులు కాంట్రాక్టరు చేతికి ఇవ్వాల్సిన రోజు దగ్గరకొచ్చింది. ఆదివారం ఊరికి పోయాను. తమ్ముడు మడిలో గట్టు చెక్కుతున్నాడు. మోకాళ్ళ దాకా బురద. బాపు దూరంగా ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. దారిలో కలిసినవాళ్ళందరికీ కొడుకు పరదేశంలో సారయ్యాడని బాపు అప్పటికే చెప్పేశాడు.

"సర్టిఫికెట్లు వానికి ఇయ్యకు తమ్మి," అన్నాను గట్టు మీద నిలబడి. "వాడు నిన్ను సారుగ తీస్కపోతలేడు. నేను కండ్లార జూసిన."

తమ్ముడు పార ఆపలేదు. "నాకు ఎర్కనే అక్కా."

"ఏమెర్క?"

"నా చెయ్యి నొక్కంగనే ఎర్కయింది. మన కొట్టం కాడ వాడు ఎట్ల జూస్తడో నేను జూడలేదా?"

నాకు కోపం వచ్చింది. "ఎర్కుండి పోతవా? బాపు గింత సదివిచ్చింది పార పట్టనీకేనా? సర్కారు పిలుపు వస్తే ఏం జేస్తవ్?"

అప్పుడు పార గట్టుకు ఆనించి నా వైపు చూశాడు.

"ఎప్పుడొస్తది అక్కా? నా కంటె ముందున్నోళ్ళకు నెత్తి నెరిసింది. ఈడ నన్ను సార్ అంటరు, ఇచ్చేది కూలోని కంటె తక్కువ. మా బడి యజమాని ఎరువుల బస్తాలు దించనీకె గూడ నన్నే పిలుస్తడు. గప్పుడు గూడ సార్ అనే పిలుస్తడు. ఆడ మట్టి మోస్త, ఇట్కలు మోస్త, ఎవ్వడు జూడొచ్చిండు? పైసలైతే పంపుత."

"గట్లయితే కూలోనిగనే పో. సారుగ పోతున్న అని ఎందుకు చెప్పుడు?"

వాడు బాపు వైపు చూపించాడు. బాపు ఎద్దు మెడ నిమురుతూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"బీఎడ్ సదివి కూలికి పోయిండు అంటే ఊర్లె బాపు ఎట్ల తిరుగుతడు? కాంట్రాక్టరు మంచోడు కాదు, ఎర్కే. గని నాకు సారు అన్న పేరు ఇచ్చి తోల్తున్నడు. గా పేరు కోసమే కూలోళ్ళ కంటె వానికి ఎక్కువ పైసలిస్తున్న. నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పకు అక్కా."

అప్పటిదాకా ఆ సార్లందరినీ మూర్ఖులని తిట్టిపోశాను. వీడు మూర్ఖుడు కూడా కాదు. అన్నీ తెలిసి పోతున్నాడు. నాకు ఆ కాంట్రాక్టరు మీదా, ఎరువుల దుకాణం బడి మీదా, పిలుస్తామని చెప్పి పిలవని సర్కారు మీదా ఒకేసారి అసహ్యం పుట్టింది. వాడు మళ్ళీ పార తీసుకున్నాడు.

తమ్ముడు వెళ్ళిపోయాడు. ఏళ్ళ తర్వాత మొదటి సెలవుకు వచ్చాడు. బాగా నల్లబడ్డాడు, చిక్కాడు. తెల్ల చొక్కా, చేతికి గడియారం. బాపు వాణ్ణి ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఊరి బడి హెడ్మాస్టరు దగ్గరికి తానే పోయి, పరదేశం నుంచి వచ్చిన సారుతో పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పించమన్నాడు. పిల్లలను వరండాలో కూర్చోబెట్టారు. పెద్దలకు కుర్చీలు వేశారు. నేను బాపు పక్కన కూర్చున్నాను.

తమ్ముడు సముద్రం గురించి చెప్పాడు, విమానం గురించి చెప్పాడు. ఎండ గురించి బాగా చెప్పాడు. అది మాత్రం నిజమని నాకు తెలుసు. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. అప్పుడు ముందు వరుసలోని ఒక ఆడపిల్ల లేచి నిలబడింది.

"సార్, ఆడ మీరు ఎన్నో తరగతికి చెప్తరు?"

అది అడుగుతారని వాడు అనుకోలేదు. ఇన్నేళ్ళలో ఇంట్లోగానీ, ఊళ్ళోగానీ ఒక్కరు కూడా అడగలేదు. బాపు కుర్చీలో ముందుకు వంగి కొడుకు జవాబు కోసం చూస్తున్నాడు. హెడ్మాస్టరు కూడా చూస్తున్నాడు.

"ఎనిమిది," అన్నాను నేను కుర్చీలోంచే, బడిలో పిల్లలకు చెప్పే గొంతుతో. "ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తడు."

తమ్ముడు నా వైపు చూడలేదు. "ఆ, ఎనిమిది," అన్నాడు ఆ పిల్లతో. "నలభై మంది పిల్లలు. అందరు మంచిగ సదువుతరు," అని తన తరగతి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.