మేక కథను తిప్పి పంపిన యాప్

ఆ నిబంధన పెట్టింది నేనే. ఇంకొకరి మీదికి తోసేద్దామని ఎంత వెతికినా మనిషి దొరకలేదు.

నిజామాబాదులో మా ఇంటి పై గదిలో కూర్చుని నేనూ తమ్ముడూ పిల్లల కోసం ఒక యాప్ తయారు చేశాం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఫోనులో కథలు రాస్తారు. లోపలున్న ఏఐ వాళ్లకు కథ రాసిపెట్టదు. "తర్వాత ఏమైంది? అప్పుడు అక్కడ ఎవరున్నారు?" అని అడుగుతూ పోతుంది, అంతే. చాలా ఏళ్లు తెలుగు టీచరుగా చేసినదాన్ని, పిల్లల సంగతి నాకు తెలుసు. ఎక్కడో రాయించుకొచ్చి ఇందులో అతికిస్తారని నా భయం. అందుకే పిల్ల అంతకుముందు రాసినవాటితో కొత్త కథను పోల్చి, మధ్యలో రాసే తీరు మారితే "ఇది నీ సొంత రచన కాదు" అని తిప్పి పంపేలా పెట్టమన్నాను.

"అక్కా, గిది లొల్లి పెడ్తది. పిల్లలు ఎప్పుడన్న ఒక్క తీరుగ రాస్తరా?" అన్నాడు తమ్ముడు.

"చెప్పినట్టు చెయ్‌రా" అన్నాను. వాడికంటే ఆరేళ్లు పెద్దదాన్ని కదా, తెలివి కూడా ఆ లెక్కనే ఉంటుందనుకున్నాను.

వచ్చిన కథల్లో పది ఏరి పుస్తకం వేస్తామని బడుల్లో చెప్పాం. గడువు ఇంకో మూడు రోజులుందనగా మోస్రా ఊరి నుంచి పదో తరగతి పిల్ల ఒకతి ఫోన్ చేసింది. "మేడం, నా కథ ఎన్కకు పంపింది. నేను యాడ గూడ కాపి కొట్టలె. క్లాసుల అందరు నన్ను దొంగ అంటుండ్రు."

తిప్పి పంపినవాటిలో వెతికి చదివాను. స్నానానికి పోతూ కోడలు గోడ మీద పెట్టిన పసుపుతాడును మేక పుస్తెతో సహా మింగేస్తుంది. మేకను కోయాలని అత్త. వద్దని కోడలు. పెంటికల్లో పుస్తె పడుతుందేమోనని కోడలు గంప పట్టుకుని మూడు రోజులు మేక వెంట తిరుగుతుంది, అత్త తిడుతూ ఆమె వెంట తిరుగుతుంది. ఆ తిట్లకు ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఇలాంటి కథనా మా యాప్ వెనక్కి కొట్టింది? మర్నాడే బస్సెక్కాను. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు అడ్డం. అసలే చిరాకులో ఉన్నానేమో, డ్రైవరును కూడా నాలుగు తిట్టుకున్నాను.

వాకిట్లో తల్లీ కూతురూ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. నన్ను చూసి కూడా వాళ్ల చేతులు ఆగలేదు.

"నిజం చెప్పు బిడ్డా, ఎవ్వలు రాసిండ్రు?"

"నేనే రాసిన మేడం. అమ్మ, నేను కల్సి చెప్పుకున్నం. బీడీలు చేస్తుంటె నోరు ఖాళీగనె ఉంటది గద. సగం నేను చెప్పిన, సగం అమ్మ చెప్పింది. అమ్మకు రాయరాదు."

"మరి నీ పేరొక్కటే పెట్టినవేంది?"

తల్లి నవ్వింది. "ఇద్దరం చేసిన బీడీలు నా బీడీల కార్డు మీదనే కార్ఖానకు పోతయి మేడం. ఏ కట్ట ఎవ్వలు చేసిండ్రని అడుగుతరా? బడి కథ గాబట్టి ఆమె పేరు మీద పోయింది. గిండ్ల తప్పేమున్నది?"

తప్పేమీ లేదు. నా యాప్ పట్టుకున్న దొంగ ఈ తల్లి. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. "ఆగు బిడ్డా, నేను చూస్త" అని పిల్లకు చెప్పి వచ్చేశాను.

ఇంటికి రాగానే ఆ నిబంధన తీసేయమని తమ్ముడి మీద పడ్డాను. వాడు గొంతు కూడా పెంచలేదు. "గది చూపెట్టే గద అక్కా బడులల్ల ఒప్పిచ్చినవ్. గిప్పుడు ఒక్క పిల్లకు తీసేస్తె మిగిలినోళ్లు ఊకుంటరా?" వాడన్నది నిజమే, అందుకే ఇంకా ఒళ్లు మండింది. రెండు పేర్లు రాసుకునే చోటు పెట్టమంటే వారం పడుతుందన్నాడు. నేనే ఆ కథను నేరుగా పుస్తకంలోకి తీసుకోవచ్చు, నన్నెవరూ ఆపరు. కానీ నా నిబంధన తప్పని అన్ని బడుల ముందూ ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు. అదీ అసలు సంగతి. అలా మీనమేషాలు లెక్కపెడుతూ రెండు రోజులు గడిపాను.

మూడో రోజు పొద్దున, పోతే పోయింది పరువు అనుకుని, కథను తీసుకుందామని కూర్చున్నాను. అక్కడ పాత కథ లేదు. ముందురోజు సాయంత్రమే పిల్ల మళ్లీ రాసి పంపింది. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది, అదీ మేం పెట్టిందే. పక్కన పచ్చ గుర్తు. కింద, "అభినందనలు! ఇది పూర్తిగా నీ గొంతు." ఆ వాక్యం రాసిన మహాతల్లినీ నేనే. కొత్త కథలో అత్త తిట్టదు. మేక మూడో రోజు బుద్ధిగా పుస్తె వేస్తుంది. ఓపిక ఉంటే అన్నీ సాధ్యమేనని చివర ఒక నీతి. గడువు ఆ రోజుతో సరి; ఏరిన పదింటిలో అదీ ఒకటైంది.

అచ్చు కాగితం తీసుకుని మళ్లీ మోస్రా పోయాను. పిల్ల తల్లికి చదివి వినిపించింది.

"అయిపోయిందా?" అంది తల్లి.

"అయిపోయింది."

"అత్త కత్తి పట్టుకొస్తె కోడలు అడ్డం నిలవడతది గద. పుస్తె పోతె పాయె, మేక పాలన్న ఇస్తది, పుస్తె ఏమిస్తది అంటది గద. గది సదవకపోతివేందే?"

"గది నీది గదమ్మా" అంది పిల్ల, కాగితం మడుస్తూ. "తీసేస్తెనే యాప్ ఒప్పుకున్నది."

తల్లి ఇంకో ఆకు అందుకుని పొగాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది. అప్పుడు నా వైపు చూసి అడిగింది. "గట్లనా మేడం? నాది తీస్తె మంచిగయిందా?"