కాలువ వంతులతో ఆడిన ఆట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో కనిపించని మనిషినెవరినో తిడుతూ ఉంటే, ఏమిటా అని తొంగిచూసి చటుక్కున పోల్చుకున్నాను. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు, మధ్యన మూడు దారులు, దారి పొడుగునా బురుజులు, చివర ఎదుటివాళ్ళ కోట; అది కూలిస్తే గెలుపు. రంగులూ వేగమూ పెరిగాయి గాని ఆట మాత్రం మా కాలపు ఆటే. ఇందులో నేను ఒకప్పుడు ఆరితేరినవాణ్ణి, ఇలా ఇయ్యి అని ఫోన్ తీసుకుని, కళ్ళజోడు సర్దుకునేలోగా చచ్చిపోయాను. పిల్ల ఫోన్ వెనక్కి తీసుకుంది. అయినా చెబుతాను, ఆ రోజుల్లో నేను బాగా ఆడేవాణ్ణి. చావడం కూడా బాగానే చచ్చేవాణ్ణి.

అప్పట్లో ఇంటర్నెట్ కావాలంటే మెట్లెక్కి, చెప్పులు విప్పి, పేరు రాయించుకుని కూర్చోవాలని మీకూ గుర్తుండే ఉంటుంది. నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ కంఠేశ్వర్‌లో అద్దెగదిలో ఉండేవాణ్ణి. చదువు పోరు పడలేక, వెనక సందులోని నెట్ సెంటర్‌లో ఈ పోరులో పడ్డాను. దాని యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. కంఠాలు తగ్గించండి నాయనా అని ఆయన బతిమాలేవాడు, కంఠేశ్వర్‌లో ఉండి కంఠం తగ్గించడమేమిటని నేను వాదించేవాణ్ణి.

మా జట్టంతా చుట్టరికమే. పెద్దనాయన కొడుకు, మేం అన్న అనే ఆయన, మాకు నాయకుడు. చిన్నమ్మ కొడుకులిద్దరు, నేను, బాల్కొండ నుంచి మేనబావ. బావ పొద్దున పసుపు చేను చూసుకుని మధ్యాహ్నం బస్సుకు వచ్చి, పొద్దుగూకే బస్సుకు వెళ్ళిపోయేవాడు. అందువల్ల అయిదుగురం కలిసేది ఆదివారం మధ్యాహ్నమే, కూర్చునేది గోడవార వరసగా ఉన్న అయిదు కంప్యూటర్ల ముందే.

ఆట తెలియనివారికి ఒక్క మాట. ఒక్కొక్కరం ఒక్కో వీరుణ్ణి నడుపుతాం, వాడు చస్తే కాసేపటికి మళ్ళీ పుడతాడు. దారుల వెంట చిన్న సైనికులు అలలు అలలుగా వస్తారు. ఒక్కొక్కణ్ణి ఆఖరి దెబ్బ కొట్టి పడగొట్టినవాడికి బంగారం, ఆ బంగారంతో ఆయుధాలు. లోకమంతా చేసేదేమిటంటే జట్టులో ఒకణ్ణి ఎంచుకుని, బంగారమంతా అతనికే వదిలి, అతన్ని బలవంతుణ్ణి చేసి మిగతావాళ్ళు కాపు కాయడం. మేం మాత్రం కాలువ కింద వ్యవసాయం చేసే ఇళ్ళ పిల్లలం. నీళ్ళొచ్చినా బంగారమొచ్చినా వంతే న్యాయమని నమ్మినవాళ్ళం. ఒక అల నీది, తర్వాతి అల నాది. వంతు తప్పితే అలిగేవాళ్ళం కూడా. అలా అయిదుగురం సరిసమానంగా బలపడి, అంటే సరిసమానంగా బలహీనపడి, న్యాయంగా ఓడిపోతూ ఉండేవాళ్ళం.

అంతలో బోధన్ కుర్రాళ్ళు అయిదుగురు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి అక్కడి చెరకు తోటల వైపు స్థిరపడిన రైతుల పిల్లలు, వాళ్ళకూ బస్సు లెక్కన ఆదివారం మధ్యాహ్నమే వీలు, వాళ్ళకూ ఆ గోడవార వరసే కావాలి. భాయ్ తగవు తీరుస్తూ, ఒక్క ఆట ఆడండి, గెలిచినవాళ్ళకు మధ్యాహ్నం, ఓడినవాళ్ళకు పొద్దుటి పూట అన్నాడు. పొద్దుటి పూట అంటే బావ రాడు. బావ రాకపోతే జట్టే లేదు.

అలవాటు కొద్దీ వంతులతోనే మొదలుపెట్టాం. చూస్తుండగానే మా బురుజులు వరసగా కూలాయి. విడివిడిగా ఉన్న మిగతా కంప్యూటర్లలో ఒకదాని వెనకనుంచి బోధన్ కుర్రాడొకడు తల బయటపెట్టి, "ఏంటి గురూ, యుద్ధం చేస్తున్నారా, బంతిలో వడ్డన చేస్తున్నారా?" అన్నాడు.

"వడ్డిస్తం, జర ఆగు," అన్నాడు అన్న, తెర మీంచి కళ్ళు తీయకుండా. తర్వాత గొంతు తగ్గించి, "తమ్మీ, వంతులు బందు. పొట్టకొచ్చిన మడి ఎవలిదో సూడుండ్రి," అన్నాడు.

మాకు ఇంకేం చెప్పనక్కర్లేదు. నీళ్ళు చాలని ఏడు మా ఊళ్ళో పెద్దలు చేసే పని అదే. పొట్టకొచ్చిన మడి, అంటే వరి కంకి వేయబోతున్న మడి, ఒక్కటైనా దక్కాలని అందరూ తమ తమ వంతులు వదులుకుంటారు, వడ్లు వచ్చాక పంచుకుంటారు. నాదే అందామని నేను నోరు తెరిచాను గాని, నా వీరుడు అప్పటికే చచ్చి మళ్ళీ పుట్టడానికి ఎదురుచూస్తున్నాడు. బావ ఒక్కడే కింది దారిలో చడీచప్పుడు లేకుండా, దెబ్బ తగలకుండా నిలబడి ఉన్నాడు.

"గాయనకే ఇడువుండ్రి," అన్నాడు అన్న.

నేను మళ్ళీ పుట్టి వెళ్ళేసరికి ఎదురుగా సైనికుడు ఆఖరి దెబ్బకు సిద్ధంగా ఉన్నాడు, వంతు ప్రకారం నావాడే. కొట్టకుండా మౌస్ మీంచి వేలు ఎత్తేశాను. అంత చిన్న పని అంత కష్టంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నలుగురం ముందు నిలబడి చావడం, బావ వెనక నుంచి పెరగడం. ఆఖరికి మా కోట గుమ్మం దాకా వచ్చినవాళ్ళను బావ ఒక్కొక్కరినే పడగొట్టి, నేరుగా నడిచిపోయి వాళ్ళ కోట కూల్చాడు.

బావ సంతోషపడడానికి బదులు సిగ్గుపడ్డాడు. "బామ్మర్ది, మీ అందరి వంతు నేనొక్కన్నే తాగిన," అన్నాడు.

"తాగితే తాగినవ్ గని, ఛాయ్ నువ్వే తాపియ్యాలె," అన్నాడు అన్న.

ఆ బోధన్ కుర్రాడు కూడా ఛాయ్‌కి వచ్చి, మా కిటుకు విని, "మా పొలాలు కాలువ మొదట్లోనే గురూ, నీళ్ళకి కరువు లేదు, ఈ వంతుల గొడవ మాకేం తెలుసు," అని నవ్వేశాడు. తర్వాత చాలాకాలం ఆదివారాలు మావే అయ్యాయి, ఆ మధ్యాహ్నం బస్సు నడిచినంత కాలం బావ వస్తూనే ఉన్నాడు.

మా అమ్మాయి నాకంటే బాగా ఆడుతుంది, అందులో సందేహం లేదు. దాని జట్టు క్షణాల్లో ఎక్కడెక్కడివాళ్ళతోనో కూడుతుంది, ఆట కాగానే చెదిరిపోతుంది. మొన్న అది ఎవరికో తన బంగారమంతా వదిలి గెలిపించింది. ఆ మనిషి ఒక్క మాటైనా అనకుండా మాయమైపోయాడు. ఇప్పుడు వెళ్ళిపోవడానికి ఒక్క మీట నొక్కితే చాలు. మాకు మాత్రం గెలిచినా ఓడినా కుర్చీ వెనక్కి జరిపి, పక్కవాడి మోకాళ్ళు దాటుకుని, చెప్పుల గుట్టలో మావి వెతుక్కుని గాని బయటపడే వీలుండేది కాదు. ఆ కాస్త ఆలస్యంలోనే ఎవరో ఒకరు నోరు విప్పి ఏదో ఒకటి అనేవారు.